ఆఖర్న చెయ్యేసినవాడు

ఏదైనా పాడైనప్పుడు మన నోట్లోంచి రెండు ప్రశ్నల్లో ఒకటి ముందుగా వస్తుంది. ఒకటి "ఏమైంది?", రెండోది "ఎవరు చేశారు?" వంటింట్లో గ్లాసు పగిలిన చప్పుడు వినిపిస్తే చాలా ఇళ్ళల్లో రెండోదే ముందొస్తుంది. గాజుపెంకు ఎవరి కాల్లోనైనా దిగిందా అన్నది తర్వాతి సంగతి. ఆఫీసుల్లోనూ అంతే, ప్రభుత్వాల్లోనూ అంతే. ప్రమాదం జరిగిన సాయంత్రానికల్లా ఒక డ్రైవరో, ఒక లైన్‌మనో, ఒక నర్సో సస్పెండ్ అయిపోతారు. విచారణ ఆ తర్వాత మొదలవుతుంది.

ఏ ప్రశ్న ముందు అడుగుతామన్న దాని మీద ఒక మనిషికి న్యాయం జరగడమో జరక్కపోవడమో ఆధారపడి ఉంటుందని నాకనిపిస్తుంది. అయితే దీన్ని పెద్ద ప్రమాదాల మీద పెట్టి మాట్లాడితే ఆవేశం ఎక్కువై ఆలోచన తక్కువవుతుంది. అందుకని ఎవరికీ ఆవేశం రాని చిన్న ఉదాహరణ తీసుకుంటాను. ఒక పాత వ్యాన్‌లో హీటర్ గాలి సరిగ్గా రావడం మానేసింది. ఎందుకు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్ళకి కార్లో హీటర్ అంటే ఏసీ నాబ్‌కి ఎర్రరంగు వేసిన వైపు, దాదాపు ఎవరూ తిప్పనిది. అమెరికా ఉత్తరాన మిషిగన్ లాంటి చోట జనవరిలో సంగతి వేరు. సున్నాకి పది, పదిహేను డిగ్రీలు దిగువన బండిలో నలుగురు కూర్చుంటే వాళ్ళ ఊపిరిలోని తడి ముందు అద్దానికి లోపలివైపు పట్టి అక్కడే గడ్డకడుతుంది. అద్దం మీదికి వేడిగాలి కొట్టకపోతే రోడ్డు కనపడదు. చలికి ఎలాగోలా ఓర్చుకోవచ్చు, రోడ్డు కనపడకపోతే ఓర్చుకునేదేమీ ఉండదు.

ఆ వేడి ఎక్కణ్ణించి వస్తుందో చూడండి. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ దాదాపు 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అందులో కొంత, డాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లోంచి పోతుంది. దాని మీదుగా గాలిని తోసేది బ్లోవర్. ఒక 12 వోల్టుల మోటారు, దానికి బిగించిన రెక్కల చక్రం, అంతే. బ్లోవర్ ఆగిపోతే వేడి ఎక్కడికీ పోదు, ఉండాల్సిన చోటే ఉంటుంది, కానీ మనిషి దాకా రాదు. రెండడుగుల అవతల చెయ్యి పెడితే కాలేంత వేడి ఉన్నా ఇవతల స్టీరింగ్ మీద వేళ్ళు కొంకర్లు పోతుంటాయి.

పాత వ్యాన్లలో ఫ్యాన్ నాబ్‌కి సాధారణంగా నాలుగు స్పీడులుంటాయి. వీటిని ఇచ్చే పద్ధతి వెనకటి ఇళ్ళల్లో సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదే. గోడకి పెద్ద పెట్టెలా ఉండేది, ఒకటో నంబరు మీద పెడితే వేడెక్కేది, గుర్తుందా? వ్యాన్‌లో కూడా ఒకటి, రెండు, మూడు నంబర్లలో కరెంటు రెసిస్టర్ అనే తీగచుట్టల గుండా పోతుంది. ఒకటిలో ఎక్కువ చుట్టలు, మూడులో తక్కువ. కొంత శక్తి అక్కడే వేడిగా ఖర్చైపోతే మిగిలింది మోటారుకి చేరుతుంది. నాలుగో నంబరులో మాత్రం రెసిస్టర్ దారిలోనే ఉండదు. బ్యాటరీ వోల్టేజి నేరుగా మోటారుకి పోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

*

మా పిన్ని కొడుకు మిషిగన్‌లో ఎంఎస్ చదువుతున్నప్పుడు వాళ్ళింట్లో ఒక వ్యాన్ ఉండేది. ఇరవై ఏళ్ళనాటిది. సీనియర్లు వెళ్ళిపోతూ జూనియర్లకి అమ్మారు. ఆ జూనియర్లు సీనియర్లై మళ్ళీ అమ్మారు. అలా నాలుగు బ్యాచ్‌లు చేతులు మారి వీళ్ళ అయిదుగురి దగ్గరికొచ్చింది. పెట్రోలుకీ ఇన్సూరెన్సుకీ లెక్కలు సమానంగా పంచే ఒక యాప్ ఉండేది. ఎవరు ఎప్పుడు బండి తీశారో అందులో రాసుకునేవాళ్ళు.

ఒక జనవరిలో ఫ్యాన్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో పనిచెయ్యడం మానేసింది. నాలుగులో మాత్రం వస్తోంది. ఇంటర్నెట్‌లో వెతికితే అయిదు నిమిషాల్లో జవాబు దొరికింది. రెసిస్టర్ కాలిపోయింది. జవాబు కరెక్టే. దాంతోపాటు ఇంకో జవాబు కూడా ఎవరూ వెతక్కుండానే దొరికింది. ఆఖరుగా బండి తీసింది మావాడు. పైగా వాడు ఎప్పుడూ ఫ్యాన్ నాలుగు మీద పెట్టి తిప్పుతాడని అందరికీ తెలుసు. "అంత ఫుల్లుగా పెట్టి నడిపితే కాలిపోక ఏమవుతుంది?" అన్నారు. పార్టు ఖరీదు పెద్దదేం కాదు, బయట ఇద్దరు భోంచేస్తే అయ్యేంత. వాడే కట్టాడు. రెండు స్క్రూలు విప్పి పాతది తీసి కొత్తది పెట్టారు. నాలుగు స్పీడులూ వచ్చాయి.

మార్చి మొదట్లో కొత్త రెసిస్టర్ కూడా కాలిపోయింది. ఖర్మకొద్దీ ఈసారి కూడా ముందురోజు రాత్రి బండి తీసింది వాడే. ఇక చెప్పేదేముంది? "నీ చెయ్యి పడితే అంతేరా" అన్నారు. సరదాగానే అన్నారు. కానీ మళ్ళీ వాడే కట్టాలని కూడా అన్నారు.

ఆరోపణని కాస్త దగ్గరగా చూడండి. "నాలుగు మీద పెట్టావు కాబట్టి రెసిస్టర్ కాలింది." వినడానికి చాలా సబబుగా ఉంది. ఎక్కువ వాడితే ఎక్కువ అరుగుతుంది, ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ నాలుగు నంబర్లలోనూ రెసిస్టర్‌కి ఏ మాత్రం సంబంధం లేనిది నాలుగోదే. నాలుగు మీద పెట్టినంతసేపూ ఆ రెసిస్టర్ ఊరికే కూర్చుని ఉంటుంది. దాన్ని కాల్చాలంటే ఒకటి మీదో, రెండు మీదో పెట్టి తిప్పాలి. మితంగా వాడుతున్నామనుకున్న మిగతా నలుగురూ చేస్తున్నది అదే.

మరి వాడు నాలుగు మీద ఎందుకు పెట్టేవాడు? అడిగితే చెప్పాడు, డిసెంబరు నుంచీ తక్కువ నంబర్లలో గాలి బాగా నెమ్మదించిందట. అద్దం మీద మంచు కరగాలంటే నాలుగు తప్ప దారి లేదట. అంటే గాలి తగ్గింది కాబట్టి నాలుగు మీద పెట్టాడు. వాళ్ళు దాన్ని తిరగేసి, నాలుగు మీద పెట్టాడు కాబట్టి చెడిపోయిందన్నారు. జబ్బుకి మందు వేసుకుంటున్నవాణ్ణి చూసి ఆ మందు వల్లే జబ్బు చేసిందనడం లాంటిది ఇది. ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ అది తెలియని విషయంగా అనిపించలేదు.

*

కారణం అంటే ఏమిటి అన్న ప్రశ్న మీద మన దగ్గర వందల ఏళ్ళు తలలు బద్దలుకొట్టుకున్నవాళ్ళున్నారు. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే విద్యార్థి ముందుగా పట్టుకునే చిన్న పుస్తకం 'తర్కసంగ్రహం'. రాసింది 17వ శతాబ్దపు అన్నంభట్టు, తెలుగువాడు. కాశీ వెళ్ళినంత మాత్రాన అందరూ అన్నంభట్టులైపోరు అని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది. (ఇప్పుడైతే మల్టీమీటర్ కొన్నంత మాత్రాన అందరూ మెకానిక్‌లైపోరు అనుకోవచ్చు.)

ఆ సంప్రదాయంలో కారణానికి ఇచ్చే నిర్వచనం సారాంశం ఇది. ఫలితానికి ముందు ఉండాలి, ఉంటే చాలదు, తప్పనిసరిగా ప్రతిసారీ ఉండాలి. ఇక్కడ వాళ్ళు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ కుండ. మట్టి, సారె, కర్ర, కుమ్మరి, ఇవి కుండకి కారణాలు. మరి మట్టి మోసుకొచ్చిన గాడిద? అది కూడా కుండ కంటే ముందే ఉంది కదా? ఉంది, కానీ కారణం కాదు. మట్టి ఇంకో బండి మీద వచ్చినా కుండ అదే కుండ. అలాగే కుమ్మరి తండ్రి. ఆయన లేకపోతే కుమ్మరి లేడు, కుమ్మరి లేకపోతే కుండ లేదు. అయినా తండ్రిని కుండకి కారణం అనరు. ఇలాంటివాటిని అన్యథాసిద్ధాలు అని పక్కన పెడతారు. ముందున్నాయి కానీ లెక్కలోకి రావు.

నాకు ఈ గాడిదా ఈ తండ్రీ ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటాయి. ఎందుకంటే తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు మనం సరిగ్గా ఈ ఇద్దరినే పట్టుకుంటాం. తొందరగా తేల్చాలంటే గాడిద, అంటే ఆ సమయానికి అక్కడ కనపడినవాడు. ఎవరినీ నొప్పించకుండా తేల్చాలంటే కుమ్మరి తండ్రి, అంటే వ్యవస్థ, కాలం, కంపెనీ డిజైన్, 'రోజులు అలా ఉన్నాయి'. మొదటిది అన్యాయం. రెండోది వినడానికి విశాలంగా ఉంటుంది కానీ దాంతో ఏ పనీ జరగదు. డిజైన్‌ని తిట్టి ఎవరూ హీటర్ బాగుచేసుకోలేదు. నిజమైన కారణం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్ని చేరుకోవాలంటే స్క్రూడ్రైవర్ కావాలి.

తర్కంలోనే ఇంకో మాట ఉంది, ఉపాధి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకి పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. ఆ తడి కట్టె ఉపాధి. మనం చూడకుండా వదిలేసిన షరతు అన్నమాట. "ఫ్యాన్ వాడితే రెసిస్టర్ కాలుతుంది" అన్నప్పుడు కూడా ఇదే ప్రశ్న వెయ్యాలి. అదే రెసిస్టర్ ఇరవై ఏళ్ళు ఎందుకు కాలలేదు? ఈ మూడు నెలల్లో రెండు ఎందుకు కాలాయి? తడి కట్టె ఎక్కడుంది?

*

తడి కట్టెని పట్టుకున్నది వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. బండి చూడకముందే ఆయన అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "ఆగిపోకముందు ఏం వినిపించేది?"

వినిపించేది. అక్టోబరు నుంచీ కీచుమని శబ్దం. బండి స్టార్ట్ చేసిన మొదటి అయిదు నిమిషాలు వచ్చేది, తర్వాత తగ్గేది.

ఆయన గ్లవ్ బాక్స్ కిందినుంచి బ్లోవర్‌ని విప్పి కిందికి దించాడు. రెక్కల చక్రంలోంచి ఎండుటాకులు, పైన్ సూదులు, ఎలుక కొరికి గూడు కట్టుకున్న కాగితం ముక్కలు రాలాయి. చక్రాన్ని వేలితో తిప్పితే, నాలుగు చుట్లు తిరిగి మెల్లగా ఆగాల్సింది, అర చుట్టులోనే పట్టేసింది. ఇరుసు తుప్పుపట్టింది. నీళ్ళు కారిన చారలు మోటారు మీద కనిపిస్తున్నాయి.

ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య వాన నీళ్ళు పడే ఒక తొట్టి లాంటి జాగా ఉంటుంది. కింద నీళ్ళు పోయే కన్నాలుంటాయి. ఆకులు పడి ఆ కన్నాలు మూసుకుపోతే నీళ్ళు లోపలికి, బ్లోవర్ వైపుకి దారి చేసుకుంటాయి. పాత వ్యాన్లలో ఇది తరచూ జరిగేదే. నీళ్ళు తగిలి ఇరుసు తుప్పుపట్టింది. ఇరుసు పట్టేస్తే మోటారు కష్టపడి తిరుగుతుంది. కష్టపడి తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. రెసిస్టర్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెసిస్టర్‌ని కావాలనే గాలి పోయే గొట్టంలో బిగిస్తారు, బ్లోవర్ కొట్టే గాలికే అది చల్లబడాలని. మోటారు నెమ్మదిస్తే ఆ గాలీ తగ్గుతుంది. అంటే మోయాల్సిన వేడి పెరిగింది, ఆ వేడిని తీసుకుపోయే గాలి తగ్గింది. రెండువైపుల నుంచీ నలిగి రెసిస్టర్ కాలిపోతుంది. వెనక ప్లగ్గు కూడా చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక పిన్ను దగ్గర కరిగింది.

కాబట్టి కాలిపోయింది రెసిస్టరే, చెడిపోయింది మాత్రం మోటారు. చెడిపోయిన మోటారు ఇంకా తిరుగుతోంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు. ఇల్లూ ఆఫీసూ ఏది తీసుకున్నా ఇలాంటి ఏర్పాట్లు కనిపిస్తాయి. ఒకరు సరిగ్గా తిరగరు, ఆ భారం పక్కవాళ్ళ మీద పడుతుంది, చివరికి పక్కవాళ్ళు కూలబడతారు. కూలబడినవాళ్ళ పేరు రికార్డులో ఉంటుంది. వాళ్ళని మార్చి కొత్తవాళ్ళని పెడతారు. కొత్తవాళ్ళూ రెండు నెలల్లో కూలబడితే "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు" అంటారు.

టయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో తన పుస్తకంలో దాదాపు ఇదే కథని ఒక మిషను గురించి చెప్పాడు. మిషను ఆగింది, ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు ఎక్కువైంది? బేరింగుకి నూనె అందలేదు. నూనె ఎందుకు అందలేదు? నూనె పంపు సరిగ్గా తోడలేదు. ఎందుకు తోడలేదు? పంపు ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జల్లెడ పెట్టలేదు కాబట్టి ఇనపరజను లోపలికి పోయింది. అయిదుసార్లు ఎందుకు అని అడిగితే ఫ్యూజు దగ్గర మొదలైంది జల్లెడ దగ్గర తేలింది. మొదటి జవాబు దగ్గరే ఆగితే ఫ్యూజు మారుస్తారు, అది మళ్ళీ పోతుంది. గమనిస్తే ఆ అయిదు ప్రశ్నల్లో "ఎవరు?" అన్నది ఒక్కసారి కూడా లేదు.

అయిదు దగ్గరే ఎందుకు ఆగాలి, ఆకులు రాల్చిన చెట్టు దాకా, చెట్టు నాటినవాడి దాకా పోవచ్చుగా అంటారా? పోవచ్చు, అదే కుమ్మరి తండ్రి. ఎక్కడ చెయ్యి పెడితే బాగుచేసింది నిలుస్తుందో అక్కడ ఆగాలి. ఈ వ్యాన్‌కి సంబంధించి అది మోటారు మార్చడం, ఆ కన్నాలు శుభ్రం చెయ్యడం. దాని ముందు ఆగితే సరిపోదు, దాన్ని దాటితే పని కాదు.

*

బ్లోవర్‌ని పరీక్షించే పద్ధతుల్లో రెండింటి గురించి చెప్పాలి. వాటి సంగతి వ్యాన్ దాటి పోతుంది.

మొదటిది వోల్టేజి చూడటం. మోటారు అసలే తిరగడం లేదనుకోండి. ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు వస్తోంది కాబట్టి మోటారే పోయిందని చాలామంది తీర్పు చెప్పేస్తారు. కానీ మల్టీమీటర్ దాదాపు కరెంటు లాగదు. తీగ లోపల ఒక్క పోగు మిగిలినా, ప్లగ్గు తుప్పుపట్టినా, దాని మీద బరువు పడనంతసేపూ 12 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. ప్లగ్గు మళ్ళీ పెట్టి, స్విచ్చి వేసి, మోటారు కరెంటు అడుగుతుండగా వెనకనుంచి కొలవాలి. అప్పుడు అదే తీగ ఆరో ఏడో వోల్టులకి పడిపోవచ్చు. తీగ పరిస్థితి ఏమిటో బరువు మోస్తున్నప్పుడే తెలుస్తుంది.

ఆదివారం రాత్రి పిన్ని ఫోన్ చేసి "ఎలా ఉన్నావురా?" అంటే మావాడు "బాగున్నా" అనేవాడు. అబద్ధం కాదు. ఆ ప్రశ్న వాడి మీద ఏ బరువూ పెట్టలేదు, కాబట్టి 12 వోల్టులే చూపించాడు. ఒక మనిషిని బరువు లేనప్పుడు చూసి, వీడికేం, దుక్కలా ఉన్నాడు అనుకుని, బరువు పడ్డాక చతికిలబడితే వీడి తప్పే అంటాం. రెండు కొలతలూ సరైనవే, ఒకదాన్ని ఇంకోదాని మీద సాక్ష్యంగా వాడకూడదు.

రెండోది కొట్టి చూడటం. ఆగిపోయిన మోటారు పెట్టె మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి తిరుగుతుంది. లోపలి కార్బన్ బ్రష్షులు అరిగి, అందాల్సిన చోటికి అందకుండా ఉంటే, ఆ కుదుపుకి మళ్ళీ తగులుతాయి. మంచి మెకానిక్ ఆ దెబ్బ వేసేది పరీక్ష కోసం. తిరిగింది, అంటే బ్రష్షులు అయిపోవచ్చాయి, మోటారు మార్చాలి అనుకుంటాడు. మనలో చాలామంది అక్కడ ఆగిపోయి, దెబ్బే వైద్యం అనుకుంటాం. రేపు మళ్ళీ ఆగితే మళ్ళీ కొడతాం. పిల్లల విషయంలో, కింద పనిచేసేవాళ్ళ విషయంలో "ఒక్కటి పడితే దారికొస్తాడు" అనే జ్ఞానం ఇలా పుట్టిందే. దారికి రావడం నిజమే. కానీ అది లోపల ఏదో అరిగిపోయిందని చెప్పే సూచన. దాన్ని మనం బాగుపడటం కింద లెక్కేసుకుంటాం.

*

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి వస్తుంది, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. ఇంత శోధన ఎందుకు? రెసిస్టర్, మోటారు, రిలే, స్విచ్చి అన్నీ ఒకేసారి మార్చేస్తే పోలా? ఏది చెడిందో తెలియకపోతేనేం, గాలి వస్తే చాలదా? మెకానిక్ గంట పనికి తీసుకునే డబ్బు కొన్నిసార్లు పార్టు కంటే ఎక్కువ. అలాంటప్పుడు తెలుసుకోవడం కంటే మార్చడమే చవక.

డబ్బున్నవాడికి ఇది నిజమే. వాడి తెలివితక్కువేం కాదు, వాడి లెక్క వాడిది. కానీ ఇరవై ఏళ్ళనాటి వ్యాన్ నడిపేదెవరు? అన్నీ ఒకేసారి మార్చలేనివాళ్ళే. నాలుగు పార్టులు మార్చి, అందులో మూడు మంచివని తెలియకుండా డబ్బు కట్టేది వాళ్ళే. తెలుసుకోకుండా మార్చడానికయ్యే ఖర్చు ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాడి జేబులోంచే పోతుంది. ఆస్పత్రిలో ముందు పరీక్షల చీటీ రాసి తర్వాత నాడి చూసేచోట కూడా ఇదే జరుగుతుంది.

దీనికి మన వంతు బాధ్యత కూడా ఉంది. మెకానిక్ గంటసేపు కూర్చుని, ఒక తుప్పుపట్టిన ప్లగ్గు శుభ్రం చేసి, ఏ పార్టూ మార్చకుండా బండి ఇచ్చి డబ్బు అడిగితే మనకి ప్రాణం ఒప్పదు. "ఏం మార్చావని?" అంటాం. కొత్త మోటారు పెట్టి, పాతది సంచిలో వేసి చేతికిస్తే సంతోషంగా కడతాం. చేతికి తగిలే వస్తువుకి విలువ కడతాం, తెలుసుకున్నందుకు కట్టం. అలాంటప్పుడు నిజాయితీగా తెలుసుకునేవాడు ఎన్నాళ్ళు తెలుసుకుంటాడు? నాలుగేళ్ళలో వాడూ పార్టులు మార్చడం నేర్చుకుంటాడు. అప్పుడు మెకానిక్‌లందరూ దొంగలే అని మనమే అంటాం.

మనుషుల విషయానికొస్తే ఈ మార్చెయ్యడం అనే వాదనకి అసలు చోటే లేదు. వ్యాన్‌లో మంచి పార్టుని అనవసరంగా తీసేస్తే ముప్పై డాలర్లో నలభై డాలర్లో పోతాయి. మంచి మనిషిని అనవసరంగా తీసేస్తే పోయేదాన్ని ఏ యాప్‌లోనూ రాసుకోలేం.

*

మరి అన్నిటికీ వెనక ఇంకో కారణం ఉంటే, ఎవరికీ బాధ్యత లేనట్టేనా? తుప్పుదే తప్పు, ఆకులదే తప్పు, పోనీలే అని ఊరుకోవాలా?

నేను అలా అనుకోను. ఆ ఇంట్లో బాధ్యత ఉంది, అయితే అది వాళ్ళు వెతికిన చోట లేదు. ఆ కీచు శబ్దం అక్టోబరు నుంచీ వచ్చింది. అయిదుగురూ విన్నారు, మావాడితో సహా. ఎవరికి వాళ్ళు బండి తమది అయిదో వంతే అనుకున్నారు. పాటల సౌండ్ పెంచుకున్నారు. అప్పుడే గ్లవ్ బాక్స్ కింద చెయ్యి పెట్టి ఉంటే ఒక మోటారుతో పోయేది. రెండు రెసిస్టర్లు, ఒక ప్లగ్గు కాలేవి కావు.

"ఎవరు కాల్చారు?" అని అడిగితే ఒక పేరు వస్తుంది, అదీ తప్పు పేరు. "ఎవరికి వినిపించింది, విని ఏం చేశారు?" అని అడిగితే అయిదు పేర్లు వస్తాయి. అందుకే మొదటి ప్రశ్న అంత సుఖంగా ఉంటుంది. అది అడిగేవాడికి తన పేరు జవాబులో ఉండదని ముందే తెలుసు. కారణాన్ని చివరిదాకా తవ్వితే బాధ్యత ఆవిరైపోతుందని మనం భయపడతాం కానీ, తవ్విన కొద్దీ అది ఎక్కువమందికి పాకుతుంది. తవ్వడం అంత కష్టంగా ఉండటానికి అదీ ఒక కారణమేమో.

మోటారు మార్చాక, అయిదుగురూ మాట్లాడుకుని రెండు రెసిస్టర్ల డబ్బుని సమానంగా పంచారు. మావాడికి రావాల్సింది యాప్‌లో నిమిషంలో వచ్చేసింది. కానీ వాడు చదువైపోయి ఆ ఊరు వదిలేదాకా ఇంట్లో బల్బు పోయినా, మిక్సీ ఆగినా "ఎవరు ముట్టుకున్నార్రా? వాడేనా?" అని నవ్వుకోవడం మాత్రం పోలేదు. డబ్బుని వెనక్కివ్వడానికి ఒక పద్ధతుంది, ఒకసారి పడిన పేరుని వెనక్కి తీసుకోవడానికి అలాంటిదేమీ లేదు. ప్రశ్నల వరస ముఖ్యమని నేననడం అందుకే. "ఎవరు?" అని అడగకూడదని కాదు. అది రెండోసారి అడగాల్సిన ప్రశ్న. ముందుగా అడిగితే దానికొచ్చిన జవాబు, తర్వాత నిజం తేలినా సరే, ఆ మనిషికి అంటుకునే ఉంటుంది.

కాలిపోయిన రెసిస్టర్‌ని మార్చడంలో తప్పేం లేదు, అది మార్చాల్సిందే. కొత్తది బిగించే ముందు ఒక్కసారి పక్కనున్న చక్రాన్ని వేలితో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరుగుతోందా, పట్టేస్తోందా అన్నది తెలియడానికి పది సెకన్లు చాలు.